కాలు తగిలితే

పోయినవారం విశాలిని కొత్తవలసలో, పాత గోనెసంచుల గోడౌనులో పెట్టిన జూడో క్లబ్బు గుమ్మంలో, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబెట్టి మనం ఎవరిళ్ళకి వాళ్ళం వచ్చేశాం. పాపం, ఆ పిల్ల వారం రోజులూ అక్కడే ఉంది. పక్కన తండ్రి కూడా ఉన్నాడు. ఇద్దరినీ లోపలికి రమ్మన్నవాడు లేడు.

భువనేశ్వర్‌లో జరిగిన ఘోరం మీకు గుర్తుండే ఉంటుంది. జూనియర్ల అంతర్జాతీయ జూడో పోటీలు, నలభై ఎనిమిది కేజీల విభాగం, కంచు పతకం కోసం ఆఖరి బౌటు. ఎదురుగా బ్రెజిల్ పిల్ల లుయీజా. రెండేళ్ళుగా ఆ పిల్లని వెల్లకిలా పడేసినవాళ్ళు లేరు. మన శృంగవరపుకోట విశాలి పడేసింది. పూర్తిగా కాదు, సగం పాయింటుకి. ఇంకా ఇరవై రెండు సెకన్లు ఓపిక పడితే పతకం మెళ్ళో పడేది. ఇద్దరూ కింద పెనుగులాడుతున్నారు. లుయీజా విశాలి ఎడమ చెయ్యి దొరకబుచ్చుకుని మెలిపెట్టబోయింది. మెలి ఇంకా పడనేలేదు. విశాలి కుడిచెయ్యి వెళ్ళి లుయీజా భుజం మీద టకటకా రెండుసార్లు తట్టింది. జూడోలో అలా తడితే 'ఓడిపోయాను, వదిలెయ్' అని అర్థం. రిఫరీ చెయ్యి పైకెత్తాడు. పతకం బ్రెజిల్ వెళ్ళిపోయింది.

చెయ్యి విరిగిపోతుందని భయమేసి తట్టానని విశాలి అందరితోనూ చెప్పింది. కోచ్ నరసింగరావు ఆ మాట నమ్మాడు. నమ్మి, నాలుగు రోజులు ఆ పిల్ల మొహం చూడలేదు. అయిదోనాడు ఫోన్ చేసి, "మీ నాన్నని కూడా ఎంటబెట్టుకు రా" అని మాత్రం అన్నాడు. అందుకే తండ్రీకూతుళ్ళిద్దరూ పొద్దుటి పాసింజర్ ఎక్కి వచ్చారు, విశాలి జూడో డ్రెస్సూ బెల్టుతో సహా.

"రండి పంతులుగారూ," అన్నాడు నరసింగరావు ఎట్టకేలకి, లోపల్నించి. కూతుర్ని రమ్మనలేదు.

జానకిరామయ్య శృంగవరపుకోటలో పిల్లలకి వయొలిన్ నేర్పుతాడు. గుడిలో పొద్దుటి సేవకి వాయిస్తాడు. వాళ్ళింట్లో నాలుగు తరాలుగా అదే పని. గట్టిగా మాట్లాడితే శ్రుతి చెడిపోతుందేమో అన్నట్టుగా మాట్లాడే మనిషి. కూతురు జూడో ఆడతానన్న రోజున బంధువులందరూ ముక్కున వేలేసుకుంటే, ఆయనొక్కడే, "ఇందులోనూ గురువుకి దణ్ణం పెట్టే మొదలుపెడతారుట" అని ఊరందరికీ చెప్పుకొచ్చాడు. అంత అమాయకుడు.

లోపల పచ్చటి మ్యాట్ల మీద కుమారి ఒక్కతే ఉంది. కుమారిది పక్క ఊరే, వరి రైతుల పిల్ల. విశాలి వయసే, విశాలి బరువే. పోటీల ముందు రాత్రుళ్ళు విశాలి పడుకునేది వాళ్ళింట్లోనే. విశాలిని చూడగానే నవ్వబోయి, సార్ మొహం చూసి మానేసింది.

నరసింగరావు సెల్‌ఫోన్ తీసి జానకిరామయ్య చేతిలో పెట్టాడు. భువనేశ్వర్ బౌటు వీడియో. ఎవరో గేలరీలోంచి తీసింది.

"సూడండి. తట్టినాది కదా? ఇంకా సూడండి. ఆపకండి. అదిగో! ఆ సెయ్యి ఎక్కడికెల్తన్నాదో సూడండి."

వీడియోలో విశాలి చెయ్యి లుయీజా భుజం మీంచి లేచి తన కళ్ళ దగ్గరికి వెళ్ళింది. మళ్ళీ భుజానికి, మళ్ళీ కళ్ళకి.

"సెయ్యి నొప్పెట్టినోళ్ళు కళ్ళకద్దుకుంతారేటే?" అన్నాడు నరసింగరావు, గుమ్మం వైపు తిరక్కుండానే.

ఐదు రోజులుగా దాచిన సంగతి ఇంత చిన్న అద్దంలో బయటపడిపోతుందని విశాలి అనుకోలేదు. ఆ పిల్ల చెప్పకముందే తండ్రికి అర్థమైంది. కళ్ళజోడు సర్దుకుని, ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"కాలు తగిలిందా అమ్మా ఆ పిల్లకి?"

"మొహానికి తగిలింది నాన్నా. మడమ. పెదవి చిట్లిపోయింది."

"మంచి పని చేశావు తల్లీ," అనేశాడు జానకిరామయ్య.

ఆ మాట నోట్లోనే ఉంచుకుంటే ఈ వారం కథ లేదు. ఆయనకి సంతోషం వచ్చింది, దాచుకోలేకపోయాడు. కాలు తగిలితే తాకి కళ్ళకద్దుకోవడం మనందరిళ్ళలోనూ ఉన్నదే. పుస్తకానికి తగిలినా, మనిషికి తగిలినా. వాళ్ళింట్లో ఆ పట్టింపు ఇంకాస్త ఎక్కువ. ఒకసారి సరిపోదు, రెండుసార్లు అద్దుకోవాలని విశాలి నాయనమ్మ నేర్పింది. తగిలిన మనిషికొకటి, ఆ మనిషిలో ఉన్న దేవుడికొకటి. ఆ రెండోది లేకపోతే రిఫరీ పట్టించుకునేవాడే కాదు.

ఏడేళ్ళ కింద మొదటిరోజు ప్రాక్టీసులో విశాలి పదిసార్లు ఆగి పదిమందికి కళ్ళకద్దుకుంది. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు. నరసింగరావు బెల్టుతో చేతుల మీద కొట్టాడు, గుంజీలు తీయించాడు, ఎండలో నిలబెట్టాడు. పిల్ల మానలేదు. చివరికి ఆయనే దిగొచ్చి, "సరే, బౌటయ్యాక అన్నీ కలిపి ఒకేసారి సేసుకో" అన్నాడు. అప్పట్నుంచీ ఆట అయ్యాక, వంగి దణ్ణం పెట్టుకున్నాక, విశాలి ఎదుటి పిల్ల భుజం తాకి కళ్ళకద్దుకునేది. అదొక ముచ్చటగా ఉండేది చూడ్డానికి. భువనేశ్వర్‌లో రక్తం కనబడేసరికి చెయ్యి చివరిదాకా ఆగలేదు.

"మంచి పనా?" అన్నాడు నరసింగరావు. గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచనప్పుడే భయపడాలని కుమారికి తెలుసు, రెండడుగులు వెనక్కి వేసింది. "ఏడేళ్ళు పంతులుగారూ. నా భూమి పండిన్నాడూ పండనినాడూ ఈ మ్యాట్లు తడవకుండా కాసినాను. నాకు మోకాలు పోనాది కాబట్టి నేను పెద్ద పోటీలకి ఎల్లలేదు, ఇదైనా ఎల్తాది అనుకున్నాను. మీ అమ్మాయి మెడల్ని కళ్ళకద్దుకుని ఇచ్చేసినాది. మంచి పనంతన్నారు మీరు."

"తప్పుగా అనలేదు నరసింగరావు గారూ, పిల్ల స్వభావం..."

"సొబావం కాదండి. అలవాటు. అలవాటు మానిపించొచ్చు."

ఆయన జేబులోంచి ఒక కాగితం తీశాడు. వచ్చే నెల ఢిల్లీలో జాతీయ జట్టుకి ఎంపిక. బరువుకొక్కరి పేరే ఈ క్లబ్బునుంచి వెళ్తుంది. ఇక్కడ నలభై ఎనిమిది కేజీలవాళ్ళు ఇద్దరున్నారు, విశాలి, కుమారి. ఆ ఒక్క పేరూ తనది కావాలని విశాలి ఏడేళ్ళుగా పొద్దున్నే నాలుగున్నరకి లేస్తోంది. ఆ కాగితం కోసం ఏమడిగినా చేస్తుందని నరసింగరావుకి తెలుసు. తెలిసే తీశాడు.

"ఎల్లాలనుందేటే?"

"ఉంది సార్."

"అయితే ఇరవైసార్లు కాలెట్టు. సెయ్యి కదలకూడదు. కదిలితే మళ్ళీ ఒకటినుంచి. ఇరవయ్యీ అయితే ఇందులో నీ పేరు."

"రా కుమారీ," అంది విశాలి వెంటనే, చెప్పులు గుమ్మంలో వదిలి లోపలికొస్తూ.

"కుమారి ఎందుకు? దాని మీద ఏడేళ్ళుగా ఎడతన్నావు, దానికి నీ కాలంటే లెక్కలేదు, నీకూ లేదు." నరసింగరావు జానకిరామయ్య వైపు తిరిగి, మర్యాదగా మ్యాటు చూపించాడు. "మీరు పడుకోండి పంతులుగారూ. మీ మొహం మీద కాలెడతాది."

గోడౌను వెనక పట్టాల మీద ఇనుపరాయి మోసే గూడ్సు రైలు వెళ్తోంది.

"నాన్న మీద పెట్టను సార్."

"పెట్టకు. మీ నాన్న సెయ్యి పట్టుకుని ఎల్లిపో. కుమారి పేరు రాసెత్తాను. బేగి సెప్పు, నాకు పనున్నాది."

ఇప్పుడు జానకిరామయ్య ఏం చేసుంటాడని మీరనుకుంటున్నారు? కూతురి చెయ్యి పట్టుకుని బయటికి నడుస్తాడని కదా. నేనూ అలాగే రాద్దామనుకున్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఉత్తరీయం తీసి నాలుగు మడతలు పెట్టి కుర్చీ మీద ఉంచాడు. కళ్ళజోడు తీసి దాని మీద పెట్టాడు. నుదుటి మీద గంధం బొట్టుతో, పంచె సర్దుకుంటూ వచ్చి మ్యాటు మీద పడుకున్నాడు. మొహంలో దిగులు లేదు. ఇంకా చెప్పాలంటే చిన్న నవ్వుంది.

"పరవాలేదమ్మా. నన్ను నాన్న అనుకోకు. మ్యాటనుకో. పెట్టు."

"నాన్నా, లేవండి."

"పెట్టమంటున్నాను కదా."

విశాలి మ్యాటెక్కి కుడికాలు ఎత్తింది. మడమ తండ్రి చెంప మీద ఆనించింది. ఆనించీ ఆనించకుండానే వంగిపోయి చేత్తో ఆయన భుజం తాకి కళ్ళకద్దుకుంది, రెండుసార్లు.

"ఒకటి కాలేదు," అన్నాడు నరసింగరావు. "కుమారీ, నువ్వు లెక్కెట్టు."

కుమారి లెక్కపెట్టింది. మూడు దాకా వచ్చి మళ్ళీ ఒకటి. ఏడు దాకా వచ్చి మళ్ళీ ఒకటి. ఏడు దగ్గర చెయ్యి వెళ్ళినప్పుడు జానకిరామయ్య కళ్ళు మూసుకునే, "ఆఁ" అన్నాడు, శిష్యుడు సరిగ్గా వాయించినప్పుడు అన్నట్టుగా. అది నరసింగరావు విన్నాడు.

"పంతులుగారు మురిసిపోతన్నారే ఇసాలీ. నువ్వు ఓడిపోయేకొద్దీ ఆయనకి ఆనందం. మీ కోట ఊర్లో పదిమందికీ సెప్పుకుంతారు, మా అమ్మాయి పతకం వదిలేసినాది గాని పద్ధతి వదల్లేదని. సెప్పుకోనీ. నువ్వు ఆ ఇంట్లో కూకుని తంబూరాకి తీగెలు బిగించుకో."

విశాలికి ఆ మాట తగిలింది. తండ్రి మొహంలోకి చూసింది. నిజంగానే ఆయన పెదవుల మీద ఆ నవ్వు ఉంది. అంతవరకూ ఆ పిల్లకి జాలి, సిగ్గు, ఏడుపు తప్ప ఇంకేమీ లేవు. ఇప్పుడు ఒళ్ళు మండింది. చెప్పడానికి బాగుండదు గాని, మండింది. ఈయన పడుకున్నది నేను గెలవాలని కాదు, నేను గెలవలేనని చూడ్డానికి అనుకుంది.

పన్నెండోదాకా వచ్చింది. పన్నెండు దగ్గర చెయ్యి లేచింది, సగం దూరం వెళ్ళి ఆగింది, ఆగి మళ్ళీ వెళ్ళింది. కుమారి లెక్క ఆపేసి ఏడుపు గొంతుతో, "సార్, సాలండి సార్. పెద్దాయన సార్. నాకొద్దు పేరు, దాని పేరే రాసీండి" అంది.

"నిన్నడగలేదు. ఒకటి!"

ఈసారి మొదటి అయిదూ గబగబా అయిపోయాయి. విశాలి రెండు చేతులతోనూ తన బెల్టు ముడి పట్టుకుంది. ఎనిమిది, తొమ్మిది. తండ్రి చెంప ఎర్రగా కందింది. పది దాటాక ఆ పిల్ల బెల్టు వదిలేసింది. వదిలేసినా చేతులు ఎక్కడివక్కడే ఉన్నాయి. పదమూడు. ఎడమకాలి మీద బరువు సరిగ్గా పడట్లేదని గమనించి కాస్త ఎడంగా నిలబడింది. పదిహేను. మడమకంటే పాదం అంచు బాగా ఆనుతోందని తెలిసింది. పదిహేడు, పద్దెనిమిది. అక్కడున్నది నాన్న కాదు. నాన్నే చెప్పాడు కాదని. జానకిరామయ్య కళ్ళు తెరిచి కింద నుంచి కూతురి మొహం చూస్తున్నాడు. ఆ పిల్ల ఆయన్ని చూడ్డం లేదు, కాలు ఎక్కడ పెట్టాలో చూస్తోంది.

ఇరవయ్యోసారి అడుగు కాస్త గట్టిగా పడింది. కింది పెదవి పంటికి తగిలి చిట్లింది. రక్తం వచ్చింది. విశాలి రక్తం చూసింది. కాలు తీసి మ్యాటు మీద పెట్టుకుంది. చేతులు కదల్లేదు.

"ఇరవై," అంది కుమారి, ఎవరికీ వినబడకుండా.

నరసింగరావు చప్పట్లు కొట్టాడు. ఆ గోడౌనులో ఆయన చప్పట్లు కొట్టడం ఏడేళ్ళలో అదే మొదలు.

"అయిపోనాది. పోనాదే నీ జబ్బు!"

"నా పేరు రాయండి సార్," అంది విశాలి. ముందు ఆ మాటే అంది. తండ్రికి చెయ్యి అందివ్వడం తర్వాత గుర్తొచ్చింది, అప్పటికి ఆయనే లేచి కూర్చున్నాడు.

నరసింగరావు కాగితం ఆ పిల్ల చేతిలో పెట్టాడు. అందులో పేరు ముందే రాసి ఉంది. కుమారిది. కింద ముద్ర, పక్కన ఆ రోజు తేదీ.

"ఇది నకలు. అసలుది పొద్దున్నే ఎల్లిపోనాది."

విశాలి కాగితం రెండుసార్లు చదివింది.

"మరి ఇరవైసార్లు పెడితే రాస్తానన్నారు కదా?"

"అనకపోతే ఎట్టేదానివేటి? బెల్టుతో కొట్టినాను మానలేదు. ఎండలో నిలబెట్టినాను మానలేదు. ఆశ ఎడితే మానినావు. ఈసారికి అది ఎల్తాది. నువ్వు ఆర్నెల్ల తరవాత ఎల్తావు, ఇప్పుడున్నట్టు ఎల్తావు, నిన్ను ఆపేవోడు ఉండడు. అప్పుడు నాకు దణ్ణం ఎడతావు." ఆయన నిజంగానే మంచి చేశాననుకుంటున్నాడు, అదే ఆయనతో వచ్చిన చిక్కు. "నీ పేరూ ఉన్నాదిలే, కింద సూడు. రిజర్వు. దానికేటైనా అయితే నువ్వే ఎల్లాల."

విశాలి తండ్రి వైపు తిరిగింది. ఆ క్షణాన ఆ పిల్లకి ఒక్క మాట కావాలి. పోన్లే అమ్మా, ఇంటికి పోదాం అంటే చాలు. గట్టిగా ఏడవడానికి ఒక భుజం దొరికేది.

జానకిరామయ్య కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఉత్తరీయం అంచుతో పెదవి అద్దుకున్నాడు. మడత అలాగే భుజాన వేసుకుని, కూతురితో కాదు, నరసింగరావుతో అన్నాడు:

"ఆర్నెల్లూ మీ దగ్గరే ఉంచుకోండి. ఈ పిల్ల వాళ్ళింట్లో ఉంచుతారో, ఇంకెక్కడ ఉంచుతారో మీ ఇష్టం. మా ఇంటికి మాత్రం పంపకండి."

"నాన్నా!"

"వాళ్ళ నాయనమ్మ అడుగుతుంది, ఏమైందని. నేను అబద్ధం చెప్పలేను."

"మీరే కదా నాన్నా పెట్టమన్నారు! వద్దంటే మీరే కదా పడుకున్నారు!"

"నేనే అన్నాను." ఆయన గొంతు అప్పుడు కూడా పెరగలేదు. "నువ్వు పెట్టలేవని అన్నాను. వందసార్లయినా నీ చెయ్యి వస్తుందని, ఆయన విసిగి లేచిపోతాడని అన్నాను."

ఇంత అన్యాయం ఏ తండ్రైనా చేస్తాడా అంటే, చేస్తాడు. పరీక్ష పెట్టినవాడొకడు, పరీక్షలో పడుకున్నవాడొకడు. ఇద్దరూ ఆ పిల్ల గెలుపు మీద పందెం కాసినవాళ్ళే, చెరోవైపు. ఓడింది మాత్రం మధ్యనున్న పందొమ్మిదేళ్ళ పిల్ల. నాకు ఆ పెద్దమనిషి మీద ఇప్పటికీ కోపం తగ్గలేదు. పెదవి చిట్లిన మనిషని కూడా చూడను.

ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం పాసింజర్‌కి ఇంకా టైముంది, అయినా ఆగలేదు. గుమ్మం దాటాక ఒకసారైనా తిరిగి చూస్తాడని విశాలి చూస్తూ నిలబడింది. రోడ్డు మలుపు తిరిగే దాకా చూసింది.

కుమారి వచ్చి భుజం మీద చెయ్యేసింది.

"ఊరుకోయే ఇసాలీ. పెద్దోళ్ళకి కోపం ఎన్నాళ్ళుంతాది సెప్పు. మా ఇంటికి పోదాం రా. అమ్మ నీకని సేపల పులుసు ఎట్టనేదులే, పప్పూ వంకాయా వండినాది. సార్‌తో నేను మాట్లాడతాను. నాకు ఢిల్లీ ఏటి సెయ్యడానికి? నాకంత ఆశ నేదు."

ఆశ లేదన్న మాట నిజమే. కుమారికి జూడో అంటే స్నేహం, బయటికి రావడానికి ఒక సాకు, అంతే. వేరే రోజైతే విశాలి ఆ మాటకి కుమారిని కావలించుకునేది. ఇవాళ ఆ మాట వేరేలా వినబడింది. ఆశే లేనిదాని పేరు పైన ఉంది, తనది కింద ఉంది. చేతిలో కాగితం ఇంకా అలాగే ఉంది.

దాన్ని మడిచి కుర్చీ మీద పెట్టింది. వదులైన బెల్టు విప్పి మళ్ళీ బిగించి కట్టుకుంది.

"రా కుమారీ. మ్యాటెక్కు."

"ఇప్పుడేటే? కూడు తినకుండానా?"

"ఒక్క బౌటు. తర్వాత తిందాం."

కుమారి నవ్వుతూనే వెళ్ళి ఎదురుగా నిలబడింది. కొన్ని వేలసార్లు నిలబడ్డ చోటే. వంగి దణ్ణం పెట్టింది. తలెత్తేసరికి విశాలి దణ్ణం పెట్టలేదు. తన కుడిచెయ్యినే చూసుకుంటోంది, అది ఇంకెవరిదో అన్నట్టు. తర్వాత కళ్ళెత్తి కుమారి మోకాళ్ళ కేసి చూసింది. మొహం కేసి కాదు.

కుమారి నవ్వు ఆగిపోయింది.

"ఇసాలీ, అలా సూత్తన్నావేటే? నేనే."

విశాలి అడుగు ముందుకి వేసి రెండు చేతులూ చాపింది.

నరసింగరావు అన్నీ చూస్తున్నాడు. ముప్పయ్యేళ్ళు మ్యాటు పక్కన నిలబడ్డ మనిషి, ఎదుటివాళ్ళ కాలు విరిచేవాళ్ళు ఎలా నిలబడతారో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. రిజర్వు అన్న మాట తన నోట్లోంచే వచ్చిందని కూడా ఆయనకి గుర్తుంది.

"సార్, ఆపండి సార్," అంది కుమారి వెనక్కి జరుగుతూ. "దీన్ని సూడండి ఒకపాలి!"

నరసింగరావు ఒకరి తర్వాత ఒకర్ని ఇద్దర్నీ చూశాడు. ఏడేళ్ళుగా ఎలాంటి పిల్ల కావాలని ఆయన కొట్టాడో, తిట్టాడో, ఎండలో నిలబెట్టాడో, అలాంటి పిల్ల ఇప్పుడు మ్యాటు మీద ఉంది.

ఆయన వాచీ మీద బొత్తాం నొక్కాడు.

"మొదలెట్టండి," అన్నాడు.